నెత్తిన పడే మందు

మిరపకో పత్తికో మందు కొట్టేవాడు నేలవైపు కొడతాడు. మామిడికి కొట్టేవాడు ఆకాశంలోకి కొట్టాలి. నలభై ఏళ్ల బంగినపల్లి చెట్టు చిటారు కొమ్మదాకా తడవాలంటే పిచికారీ గన్ను నిలువునా ఎత్తాల్సిందే. ఆకుల మీద నిలిచింది నిలవగా మిగతాదంతా తుంపరై కిందికే దిగుతుంది. కింద ఉన్నది మనిషి.

పూత కాలంలో నూజివీడు వైపు తోటల్లోకి వెళ్లి చూడండి. ట్రాక్టరు మీద డ్రమ్ము, పంపు మోత, పొడవాటి పైపు, దాన్ని చెట్టు చెట్టుకీ లాగడానికి ఇంకో మనిషి. గన్ను పట్టినవాడి ముంజేతి మీదుగా మందునీళ్లు మోచేయి దాటి చంకలోకి కారుతుంటాయి. మూతికి తువ్వాలు కడతాడు. నాలుగు చెట్లయ్యేసరికి అది తడిసి ముద్దవుతుంది. ఇక ఆ తువ్వాలు ఆపేదేమీ లేదు, మందునే ముక్కుకు అదిమిపెట్టి ఉంచుతుంది.

కొట్టకుండా ఉండలేరా అంటే, రైతును నేను తప్పుపట్టను. తేనెమంచు పురుగు పూత గుత్తుల రసం పీల్చేస్తుంది, అది వదిలిన బంక మీద మసి పడుతుంది, పూత రాలిపోతుంది. ఏడాదికొక్క కాపు. దాన్ని కళ్లముందు పోగొట్టుకోమని ఎవరు చెప్పగలరు? నా తగువు కొట్టే మందుతో కాదు, కొట్టించే తీరుతో.

వాసన పీలిస్తేనే ప్రమాదమని చాలామంది నమ్మకం. నిజానికి పిచికారీ పనిలో ఒంట్లోకి ఎక్కువగా చేరేది చర్మం గుండానే. నీళ్లు కలవని చిక్కటి మందును ఉత్త చేతుల్తో డ్రమ్ములోకి వంచే ఆ రెండు నిమిషాలు మరీ చెడ్డవి. నాజిల్ పూడుకుపోతే నోటితో ఊదేవాళ్లూ ఉన్నారు. పురుగుమందుల్లో ఒక రకమైన ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాలకు కావలసిన కొలినెస్టరేజ్ అనే ఎంజైమును అణిచేస్తాయి. తలనొప్పి, వికారం, చూపు మసకబారడం, ఒళ్లంతా చెమట, ముదిరితే చొంగ కారడం, కండరాలు అదరడం. మొదటి నాలుగూ చూసి ఎండదెబ్బ అనుకుంటారు, మజ్జిగ తాగి పడుకుంటారు, మర్నాడు మళ్లీ గన్ను పడతారు. పడిపోయిన ఎంజైము కోలుకోవడానికి వారాలు పట్టొచ్చు. కూలికి వారాలు ఎక్కడివి?

చట్టం లేదనుకోకండి. 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది, 1971లో నిబంధనలు వచ్చాయి. తొడుగులు, బూట్లు, శ్వాసకు రక్షణ ఇవ్వాలని వాటిలో ఉంది. పిచికారీ చేసేవారికి వైద్య పరీక్షలు జరపాలని, ఆర్గానోఫాస్ఫేట్ మందులతో పనిచేసేవారి రక్తంలో కొలినెస్టరేజ్ నెలనెలా చూడాలని కూడా ఉంది. కాలిఫోర్నియాలో ఇలాంటి మందులు కలిపే, కొట్టే పొలం పనివాళ్లకు ఈ రక్తపరీక్ష 1974 నుంచి నడుస్తోంది. మన దగ్గర ఏ తోటలో చేయించారో చూపిస్తే సంతోషిస్తాను. పరీక్షలు మనకు చేతకాక కాదు. ఐరోపాకు వెళ్లే ద్రాక్షలో మందు అవశేషాలు ఎంతున్నాయో తోటదాకా జాడ తీసే ఏర్పాటు 2006లోనే పెట్టుకున్నాం. పండుకు ఉన్న పరీక్ష మనిషికి లేదు.

కేరళలోని కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లడం 2000 దాకా సాగింది. 2011లో సుప్రీంకోర్టు దేశమంతటా ఆ మందును ఆపించింది, 2017లో బాధితులకు ఐదేసి లక్షలు ఇమ్మంది. ఊళ్లకు ఊళ్లు మంచాన పడితే అంత జరిగింది. ఒక్కొక్కడుగా పడిపోయే గన్ను మనిషి ఏ లెక్కలోకీ రాడు.

రాకపోవడానికి మన తోటల బేరమే ఒక కారణం. చాలా చోట్ల పూత మీదే వ్యాపారి తోట పట్టేస్తాడు. చెట్టు రైతుది, కాపు వ్యాపారిది, కూలీని తెచ్చింది మేస్త్రి. ఆ కూలీ కళ్లు తిరిగి పడితే యజమాని ఎవరని అడగండి, ముగ్గురూ పక్కవాడి వైపు చూస్తారు. నా లెక్కలో జవాబు తేలికే: మందు ఎవరు కొంటే, తొడుగులు వాళ్లే కొనాలి.

కాబట్టి వచ్చే పూతకు తోటలు పట్టే వ్యాపారులకు ఒక మాట. మందు ఖర్చు రాసుకునే పుస్తకంలోనే రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు, అంచున్న టోపీ, ఫిల్టరు మాస్కు, తోటలో సబ్బూ నీళ్లూ, మార్చుకోవడానికి పొడి బట్టలు, సీజనులో రక్తపరీక్ష కూడా రాయండి. గన్ను మనిషిని గాలికి ఎదురుగా నిలబెట్టకండి. ఎవరైనా పడిపోతే తడి బట్టలు వెంటనే విప్పించి, ఒళ్లు కడిగి, ఆసుపత్రికి మనిషితోపాటు మందు డబ్బానూ తీసుకెళ్లండి. ఏ మందో తెలిస్తే డాక్టరు సరైన వైద్యం త్వరగా మొదలుపెట్టగలరు.