దోర

మూకుట్లో కందిపప్పు పడింది. సన్నని సెగ. అట్లకాడ తొందర లేకుండా తిరుగుతోంది. మొదట వచ్చేది పచ్చివాసనే. వంటింటి గుమ్మం దాటి లోపలికి రానివ్వదు మనల్ని. కాసేపాగండి. గింజల చప్పుడు మారుతుంది. బరువు దిగి, గలగలమని తేలికపడుతుంది. పసుపు మీద ఎక్కడో ఓ గింజకు ఎర్రని చుక్క, దాని పక్కదానికి మరొకటి. అంతలో, ఎవరో తలుపు తీసినట్టు, ఇల్లంతా కమ్మదనం! ఆ ఘడియకు మనవాళ్లు పెట్టిన పేరు దోర.

పలికి చూడండి ఆ మాటను. జామకాయ పండబోతూ ఆగినప్పుడూ దోరే. పచ్చిదనం పూర్తిగా పోక, తీపి పూర్తిగా రాక, పంటి కింద కరుక్కుమనే ఆ బిగువూ దోరే. కొమ్మ మీద ఎండ చేసే పనీ, పొయ్యి మీద మూకుడు చేసే పనీ ఒక్కటేనని కనిపెట్టిన ఆ మొదటి నాలుక ఎవరిదో గాని, దానికి వెయ్యి దండాలు!

ఇంగ్లీషువాడి టోస్టునూ చిన్నచూపు చూడలేను. దాని వెనక లాటిన్ ధాతువు ఉంది. ఎండించడం, మాడ్చడం దాని అర్థం. అక్కడా ఎండే! ఒకప్పుడు వాళ్లు సంబారం అద్దిన కాల్చిన రొట్టెముక్కను ద్రాక్షసారాలో వేసుకునేవారు, పరిమళం కోసం. తర్వాత రొట్టె పోయి పేరు మిగిలింది. ఏ అందగత్తె పేరు తలచి పాత్ర ఎత్తితే ఆవిడే టోస్టు. 1709లో రిచర్డ్ స్టీల్ తన టాట్లర్ పత్రికలో ఈ ముచ్చట రాశాడు. రొట్టె చేసే పని పేరు చేస్తుందట! రసికులే, ఒప్పుకోవాలి.

మనకు మాత్రం ఒక్క మాట చాలలేదు. పప్పు వేయిస్తాం, వంకాయ కాలుస్తాం, చలి కాచుకుంటాం. తెలంగాణ ఇంట్లో నువ్వులు ఏంచుతారు, కూర గోలిస్తారు. తొలి ఏకాదశికి జొన్నలు పేలాలై విచ్చుకుంటాయి. అల్లరి పిల్లలు తల్లిని వేపుకు తింటారు. ఆ తల్లి విసుక్కుంటే వాళ్లు మొహం మాడ్చుకుంటారు. వంటింటి మంట ఇంతగా మాటల్లోకి పాకిన భాష నాకు ముద్దొస్తుంది. పక్షపాతమే అనుకోండి.

వానాకాలపు సాయంత్రం, బండి మీద మొక్కజొన్న పొత్తు. విసనకర్ర ఊపుకి నిప్పురవ్వలు లేస్తాయి. పాలగింజ మెరుపు తగ్గి బంగారమై, బంగారం మీద నల్లని మచ్చలు పడి, ఆపైన ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క సర్రున జారి... అబ్బ! మాడిన ఆ నాలుగు గింజలే లేకపోతే ఆ పొత్తుకు అందమేదీ? వట్టి దోరతోనే తృప్తిపడే నా నాలుక అక్కడ మాత్రం నియమం తప్పుతుంది.

మాటల్లో పడి మూకుడు మరిచేను. దించినా దాని వేడి ఊరుకోదు, పప్పును ఇంకా వేపుతూనే ఉంటుంది. వెంటనే పళ్లెంలో గుమ్మరించాలి. ఇదుగో, ఎర్రగా, వెచ్చగా, ఇంకా చిటచిటలాడుతూ. ఎండుమిర్చి, జీలకర్ర తర్వాత చూద్దాం, కందిపొడి ఎక్కడికీ పోదు. ముందు చెయ్యి పట్టండి, నాలుగు గింజలు వేస్తాను. ఊదుకోండి, కాలుతుంది.