జాబితాలో లేని పేరు

బంతికి ఉమ్మి రాయకూడదని 2020లో ఐసీసీ చెప్పినప్పుడు మన ఫాస్ట్ బౌలర్లు కొన్నాళ్లు ఇబ్బంది పడ్డారు. కోవిడ్ కాలం కాబట్టి సర్దుకున్నారు. నాకు మాత్రం అప్పట్నుంచీ ఫ్రాంక్ షెలెన్‌బ్యాక్ గుర్తొస్తూనే ఉన్నాడు.

అతను బేస్‌బాల్ పిచర్. 1898లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం జాప్లిన్‌లో పుట్టాడు. అతని చేతిలోని విద్య స్పిట్‌బాల్. క్రికెట్‌లో ఉమ్మి మెరుపు కోసమైతే, అక్కడ జారుడు కోసం. ఆ కాలపు స్పిట్‌బాలర్లు జిగురు జిగురుగా ఉండే ఎల్మ్ చెట్టు బెరడు నమిలి, చిక్కటి ఉమ్మితో బంతిని ఒక్క చోట తడిపేవారు. రెండు వేళ్లూ ఆ తడి మీద ఉంచి, బొటనవేలు పొడిగా ఉన్న వైపు ఆనించి బలంగా విసిరితే బంతి పెద్దగా తిరగకుండా వేళ్ల నుంచి జారిపోతుంది. బ్యాటర్ దాకా తిన్నగా వచ్చి ఆఖరి క్షణంలో దిగిపోతుంది. తడి కాస్త ఎక్కువైతే అది ఎటు పోతుందో వేసినవాడికే తెలియదు.

1918, 1919 సీజన్లలో అతను మేజర్ లీగ్ జట్టు షికాగో వైట్ సాక్స్‌కి ఆడాడు. 1920 నాటికి పసిఫిక్ కోస్ట్ లీగ్ అనే మైనర్ లీగ్‌లోని వెర్నన్ జట్టుకు వచ్చేశాడు. సరిగ్గా అప్పుడే మేజర్ లీగ్‌లు స్పిట్‌బాల్‌ని నిషేధించాయి. దాని మీదే బతుకుతున్న 17 మందికి రిటైరయ్యేదాకా వెసులుబాటు ఇచ్చాయి. మైనర్ లీగ్‌లో ఉన్న పాపానికి షెలెన్‌బ్యాక్ పేరు అందులో చేరలేదు.

కోస్ట్ లీగ్ మాత్రం తన పాత స్పిట్‌బాలర్లను ఆడనిచ్చింది. ఇక అక్కడే ఉండిపోయాడు. మైనర్ అన్నారని ఆ లీగ్‌ని తీసిపారేయకండి. 1958 దాకా మేజర్ లీగ్ జట్టు ఒక్కటీ కాలిఫోర్నియాకి రాలేదు. లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో జనానికి పెద్ద ఆటంటే ఇదే. సీజన్‌కి 180 పైచిలుకు మ్యాచ్‌లు. ఆ లీగ్‌లో అతను 295 విజయాలు సాధించాడు. ఆ రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు. 1931లోనైతే హాలీవుడ్ జట్టుకు 27 గెలిచి, ఏడే ఓడాడు.

అతన్ని దురదృష్టవంతుడంటే నేనొప్పుకోను. చేతికి పట్టుబడిన విద్యను అది చెల్లే చోట దాదాపు రెండు దశాబ్దాలు నిలబెట్టుకున్నాడు. చూడలేకపోయిన మేజర్ లీగ్ నగరాలదే నష్టం.

1936లో అతను అదే లీగ్‌లోని శాన్ డియాగో జట్టుకు మేనేజర్. తర్వాత గొప్ప బ్యాటర్‌గా పేరు తెచ్చుకున్న టెడ్ విలియమ్స్ పదిహేడేళ్ల వయసులో ప్రొఫెషనల్ ఆట మొదలుపెట్టింది అతని దగ్గరే. 1950లలో న్యూయార్క్ జెయింట్స్‌కి పిచింగ్ కోచ్ అయ్యాడు. 1954లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. అతనికి అన్నిటికన్నా బాగా వచ్చిన బంతిని మాత్రం ఆ మేజర్ లీగ్ మైదానాల్లో ఎవరూ వేయడానికి వీల్లేదు.