ఎత్తు గునుగుదే

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడితే మా వాడలో అందరి నోటా ఒకటే మాట: తంగేడు దొరికిందా, బంతి కిలో ఎంత? గునుగు ఊసెత్తేవారుండరు. తీరా బతుకమ్మ పేర్చడానికి కూర్చున్నాక అందరూ చెయ్యి చాచేది దానికోసమే.

తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అంచు వెంట తంగేడు వరస వేస్తాం. దాని మీద గునుగు. పిడికెడు పూలు పట్టుకుని, తలలన్నీ సమం చేసి, దారం చుట్టి, కాడలను ఒకే కొలతకు కత్తిరించాలి. తల బయటికి, కాడ లోపలికి. కాడ పొట్టిదైతే పై వరస నిలవదు. అందుకే నేను గునుగు కొనేటప్పుడు ముందు కాడ చూస్తాను. జానెడు ఉండాలి, బిరుసుగా ఉండాలి. ఒకసారి విదిలిస్తే నల్లటి గింజలు జలజలా రాలాయా, ఆ కట్ట ముదిరిపోయినట్టే, పక్కన పెట్టేస్తాను.

గుమ్మడి పువ్వు పూటలోనే ముడుచుకుపోతుంది, తంగేడు సాయంత్రానికి తల వేలాడేస్తుంది. గునుగు రేకు పుట్టుకతోనే కాగితంలా పొడిగా ఉంటుంది. వాడినా ఆకారం చెడదు, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టినా చెక్కుచెదరదు. అలాగని ప్రతి కట్టనూ రంగులో ముంచేస్తుంటే నాకు నచ్చదు. నడుమ ఒక తెల్ల వరస వదిలితేనే బంతి పసుపు ఎగిసి కనిపిస్తుంది. ఎక్కడ చూసినా ముదురు నీలం, గులాబీ అయితే ఇక పువ్వేది?

లోపల నింపేది మరో లెక్క. కత్తిరించిన కాడలు, తంగేడు ఆకు ఎప్పటికప్పుడు నడుమ కూరుతూ పోవాలి. "నడుమ బోలుంటే నాలుగో వరసకే కూలుతది బిడ్డా" అంటుంది మా పెద్దమ్మ. ఈ మధ్య కొందరు థర్మాకోల్ ముక్కలు కూరుతున్నారు. పూలు చెరువులో కలిసిపోతాయి, థర్మాకోల్ తేలుతూనే ఉంటుంది.

గునుగును ఎవరూ విత్తరు. పత్తిలో, జొన్నలో కలుపుగా మొలుస్తుంది. మందు కొట్టే రైతును తప్పు పట్టలేం, పంట ఆయనది. గట్టు మీద మొలిచిన నాలుగు మొక్కలనైనా చివరి రోజైన సద్దుల బతుకమ్మ దాకా ఉంచమని చేనున్నవాళ్లకు నా మనవి. గింజ రాలకముందే మేమే వచ్చి కోసుకుపోతాం.