పెరటి సేద్యం: పెర్మాకల్చర్ చెప్పేదెంత, పండేదెంత?

ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో బిల్ మాలిసన్ అనే అధ్యాపకుడు, డేవిడ్ హోంగ్రెన్ అనే విద్యార్థి కలిసి ఆలోచించిన ఫలితంగా 1978లో ‘పెర్మాకల్చర్ వన్’ అనే గ్రంథం వెలువడింది. అడవి తన ఎరువును తానే సమకూర్చుకొంటున్నది గదా, పంటభూమి మాత్రం అట్లా ఎందుకు నడవరాదు అన్నది వారి ప్రశ్న. నలభై యేండ్ల తరువాత, 2018లో, హోంగ్రెన్ ‘రెట్రోసబర్బియా’ అనే బృహద్గ్రంథంలో ఇదే దృష్టిని నగర శివార్లలోని సామాన్య గృహాలకు అన్వయించాడు. 2017 నవంబరులో ఈ పద్ధతిని గూర్చిన అంతర్జాతీయ సదస్సు హైదరాబాదులోనే జరిగింది గనుక తెలుగువారికి ఈ పేరు బొత్తిగా కొత్త కాదు.

హోంగ్రెన్ గ్రంథానికి గల మొదటి గుణం నేలమీద నిలిచి మాట్లాడటం. ఉన్న ఇంటిని పడగొట్టమనడు. ఉన్న కప్పు, ఉన్న పెరడు, ఉన్న మనుషులతోనే పని ఆరంభించమంటాడు. ఇల్లు, మొక్కలు, మనుషుల అలవాట్లు - ఈ మూడింటిని ఆయన విడదీసి చూడడు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదనే సామెతకు ఇది తగిన జవాబే.

కొత్తగా నేర్చుకొనేవారు తడబడేది మండలాల వద్ద. 1988లో మాలిసన్ ప్రకటించిన రూపకల్పన గ్రంథం ప్రకారం ఇల్లు సున్న మండలం, నిత్యం కోసుకొనే కూరలది ఒకటవ మండలం. ఇట్లా దూరం పోగా పోగా ఐదవది మనిషి చేయి పెట్టని అడవి. ఇది పొలమున్నవాని లెక్క. వేయి చదరపు మీటర్ల స్థలంలో ఐదు మండలాలనూ ఇరికించి పటం గీయడం వృథాశ్రమ. తరచు చూచుకోవలసిన మొక్క కాలిదారి పక్కన ఉండాలనే సూత్రం గ్రహిస్తే చాలు.

ఇక ఇంటి తిండి ఇంటనే పండుతుందనే ఆశను తూచి చూడాలి. ఆ వేయి మీటర్లలో ఇల్లు, దారి, నీడ పోగా 400 చదరపు మీటర్లు మిగిలిందనుకొన్నా, హెక్టారుకు 3 టన్నుల చొప్పున అందులో 120 కిలోల గోధుమ పండుతుంది. కిలోకు సుమారు 3,400 కిలోకేలరీలు. మనిషికి దినానికి 2,400 కావాలి. అంటే ఒక్క మనిషికి 170 దినాలు, నలుగురున్న ఇంటికి ఆరు వారాలు! కూరలు, పండ్లు, గుడ్లు పెరటివి కావచ్చు. గింజలు మాత్రం పొలం నుండి రావలసిందే. ఈ చిన్న గుణింతం తరగతిలో చేయిస్తే పిల్లలకు పెరడు విలువా, రైతు విలువా రెండూ తెలుస్తాయి.

నీటి లెక్కలో మరొక చిక్కు ఉంది. ఏటా 600 మిల్లీమీటర్ల వాన కురిసే చోట 150 చదరపు మీటర్ల కప్పుపై 90,000 లీటర్లు పడుతుంది. విన్నవారు మురిసిపోతారు. కాని మండువేసవిలో దినానికి 5 మిల్లీమీటర్ల తడి కావలసిన ఆ 400 మీటర్ల మడి రోజుకు 2,000 లీటర్లు తాగుతుంది; 10,000 లీటర్ల తొట్టి ఐదు దినాలకే అడుగంటుతుంది. వాన మొత్తం కాదు, దానిని దాచుకొనే చోటు ప్రధానం. ఆకులు, గడ్డితో నేలను కప్పి తేమను నిలుపుమని ఈ పద్ధతివారు పట్టుబట్టడం అందుకే సమంజసం.

అన్ని మాటలకూ ఇంత బలం లేదు. చిక్కుడు పక్కనున్న మొక్కకు నత్రజని పంచిపెడుతుందని పెర్మాకల్చర్ అభిమానులు తరచుగా అంటారు. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు నత్రజనిని స్థిరీకరించడం నిజమే. అయితే మొక్క బ్రతికి ఉండగా పొరుగుకు దక్కేది స్వల్పం. ఎక్కువ భాగం వేళ్లు, ఆకులు కుళ్లిన తరువాతనే చేరుతుంది, కాయలతో కోసుకొనిపోయినది అసలే చేరదు. కాంఫ్రీ మొక్క లోతునుండి ఖనిజాలను తోడి పైకి తెస్తుందనే ప్రచారానికి, పక్కపక్కన మడులు వేసి పోల్చిచూచిన ఆధారాలు చాల కొద్ది.

పాత నగరాల పెరళ్లలో సీసం సంగతి అన్నిటికంటె ముఖ్యం. వెనుకటి రంగులనుండి, సీసం కలిపిన పెట్రోలు పొగనుండి అది మట్టిలో చేరి, ఎన్నేండ్లయినా పోదు. ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయంవారు 2013లో ప్రారంభించిన మట్టి పరీక్షలలో, కిలో మట్టికి 300 మిల్లీగ్రాముల హద్దును దాటిన పెరళ్లు ఎన్నో బయటపడ్డాయి. కనుక మండలాల పటంకంటె ముందు మట్టి నమూనా తీయాలి. సీసం కనబడితే, ఆకుకూరలకంటె కాయల్లోకి అది తక్కువగా చేరుతుంది గనుక, అక్కడ పండ్లచెట్లు నాటి, కూరలకు బయటి మట్టితో ఎత్తుమడులు కట్టుకోవడం మేలు.