సుబ్బారావు కథా, మన దరఖాస్తూ

మెరిట్ గురించి మాట వచ్చినప్పుడల్లా మన బళ్లలో యల్లాప్రగడ సుబ్బారావు కథ చెబుతారు. 1895లో భీమవరంలో పుట్టి, పేదరికంలో మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, 1930లో హార్వర్డులో పిహెచ్‌డి తెచ్చుకున్నాడని. ఆయన గొప్పతనం మీద మాకు పేచీ లేదు. బోదకాలుకి ఈనాటికీ వాడే మందు లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచే వచ్చింది. ఆ జబ్బుతో మంచాన పడ్డవాళ్లలో మన పేటలవాళ్లూ ఉన్నారు. మా పేచీ ఆ కథ చెప్పే తీరు మీద.

నూజివీడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మెడికల్ కాలేజీకి చేరిన మన పిల్లలు కొందరు ఇప్పుడు ఎండి-పిహెచ్‌డి జంట కోర్సుల గురించి అడుగుతున్నారు. వాళ్లకీ ఈ కథే జవాబుగా చెబుతున్నారు: ‘కష్టపడితే ఎవరైనా సుబ్బారావు కావచ్చు’ అని. కాబట్టి కథని ఒకసారి విప్పి చూద్దాం.

మొదటిది, పాత్రలు ఎత్తడం. ఆయన ఎత్తితే అది త్యాగం, పాఠ్యాంశం. తరతరాలుగా ఆసుపత్రుల్లో అదే పని చేస్తున్న మన అమ్మలు ఎత్తితే అది కులవృత్తి. ఒకే పని ఒకరికి మెట్టు, ఇంకొకరికి గొయ్యి ఎట్లా అయింది?

రెండోది, డబ్బు. ఆయన ప్రయాణానికి మామగారు సాయం చేశారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేసింది. ఆ నాయకర్ మత్స్యకార కులంలో పుట్టి రంగూన్‌లో సంపాదించినవాడు. శూద్రుడి సొమ్ము బ్రాహ్మణ మేధావిని నిలబెట్టిన సంగతిని కథ చెప్పేవాళ్లు ఒక వాక్యంలో దాటేస్తారు.

మూడోది, పట్టా. ఖద్దరు తొడిగాడని దొర ప్రొఫెసరుకి కోపం వచ్చి ఎంబిబిఎస్‌కి బదులు ఎల్ఎంఎస్ దక్కిందని జీవితచరిత్రలు చెబుతాయి. దాన్ని అందరూ అన్యాయమే అంటారు. మంచిదే. మరి ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు ప్రాక్టికల్స్‌లో, వైవాలో తమకు న్యాయం జరగడం లేదని థొరాట్ కమిటీకి చెప్పుకుంటే, 2007లో ఆ నివేదిక వచ్చాక, ‘వాళ్లకి మెరిట్ లేదు’ అన్న నోళ్లు ఎవరివి? ఖద్దరు విప్పేయొచ్చు. కులాన్ని విప్పి ఎక్కడ పెట్టమంటారు?

ఇక దరఖాస్తు సంగతి. అమెరికాలో ప్రభుత్వ సొమ్ముతో ఎండి-పిహెచ్‌డి చదివించే పథకం 1964లో మొదలైంది. అక్కడ ఎండి అంటే మన ఎంబిబిఎస్ లాంటి మొదటి వైద్య డిగ్రీ. మన దగ్గర ఎంబిబిఎస్ అయ్యాకే ఎండి. ఐసిఎంఆర్‌కి ఇట్లాంటి పథకం ఉంది. బెంగుళూరు ఐఐఎస్‌సి 2022లో 425 కోట్ల విరాళంతో, 800 పడకల ఆసుపత్రితో వైద్య కళాశాల ప్రకటించి, జంట డిగ్రీయే దాని గుండెకాయ అంది. ఇట్లాంటి చోట్ల అభ్యర్థి నుంచి కోరేది ఏమిటి? చేసిన పరిశోధన, అచ్చయిన పేపర్లు, పెద్ద ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూలో తడబడని ఇంగ్లీషు. ఇవన్నీ ప్రతిభ కిందే లెక్క. కానీ సెలవుల్లో జీతం లేకుండా ల్యాబులో కూర్చోగలిగేది ఎవరు? ఇంటర్న్‌షిప్ స్టైపెండు ఇంటికి పంపాల్సిన పిల్ల కూర్చోగలదా? సీటుకి రిజర్వేషన్ ఉంది గాని లేఖకి లేదు.

సీటు వచ్చినా గైడు కావాలి, ఫెలోషిప్ ఆగకూడదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గైడు దొరక్క నలిగిన సెంథిల్ కుమార్ 2008లో, ఫెలోషిప్ ఆగిన రోహిత్ వేముల 2016లో చనిపోయారు. ఎనిమిది, పదేళ్లు సాగే చదువుకి మన పిల్లల్ని పంపేటప్పుడు ఈ రెండు పేర్లు మరవరాదు.

అయినా పంపాలనే మేము అంటున్నాం. ఎందుకంటే, ప్రశ్న ఎవరు అడుగుతారన్నదే పరిశోధనలో అసలు సంగతి. నూజివీడు రసాలు, బంగినపల్లి దేశమంతా తెలుసు. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టేవాడి ఊపిరి, కాయ కోసేటప్పుడు సొన పడి కాలిన చేతులు ఎవరికి తెలుసు? తోట యజమానికి దిగుబడి లెక్క కావాలి, గుత్తకు తీసుకున్న వ్యాపారికి రేటు లెక్క కావాలి. కూలి ఒంటి లెక్క అడగాలని ఆ కూలి బిడ్డకే ముందు తడుతుంది. వాడు దరఖాస్తు దగ్గరే ఆగిపోతే నష్టం వాడొక్కడిదే కాదు. ఆ ప్రశ్నే పుట్టదు.

దారి లేదా అంటే, మన నూజివీడులోనే ఒక దారి కనిపిస్తుంది. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకి పదో తరగతి పాయింట్ల మీద 0.4 కలిపి సీట్లిచ్చారు. లేమిని కూడా లెక్కలోకి తీసుకోవచ్చని అది చూపింది. ఎండి-పిహెచ్‌డి ఎంపికలోనూ అదే జరగాలి. పేపర్ల సంఖ్యతో పాటు అవి రాయడానికి దొరికిన అవకాశాన్నీ తూచాలి. చేరిన రోజే గైడు పేరు కాగితం మీద ఉండాలి. స్టైపెండు నెలనెలా రావాలి. ఇంటర్వ్యూ బల్లకి అవతల మనవాళ్లూ కూర్చోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒంటరిగా దరఖాస్తు పెట్టకండి. ముందు వెళ్లినవాళ్ల చేత వ్యాసం దిద్దించుకోండి. టీచర్లూ, సంఘాలూ ఆ పని నెత్తికెత్తుకోవాలి. సుబ్బారావుకి మామ ఉన్నాడు, నాయకర్ సొమ్ము ఉంది. మన పిల్లలకి ఆ స్థానంలో మనం ఉండాలి.