ఎగిరినవెన్ని, దిగినవెన్ని

"సప్పుడు ఎనకాల పరిగెట్టకురా. సప్పుడొచ్చీసరికి అది ఎలిపోద్ది."

విశాఖ రామకృష్ణా బీచ్‌లో, డిసెంబరు 4 నేవీ డే నాడు, నన్ను భుజాల మీద కూచోబెట్టుకుని మా మామయ్య చెప్పిన మాట ఇది. డాక్‌యార్డులో ఫిట్టరు ఆయన. విమానాలు చూడడంలో నాకు అదే అక్షరాభ్యాసం. ఇప్పుడు ఒహాయోలో ఉంటున్నాను. వేసవిలో డేటన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్టులో జరిగే ఎయిర్ షోకి మా అబ్బాయిని తీసుకెళ్ళినప్పుడల్లా ఆ మాటే వాడికి అప్పగిస్తుంటాను. యాస మాత్రం వాడికి అందదు.

లెక్క కట్టి చూస్తే మామయ్య మాట పక్కా. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు నడుస్తుంది. మూడు కిలోమీటర్ల అవతలున్న జెట్ మోత మన చెవిని చేరడానికి తొమ్మిది సెకన్లు కావాలి. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయేది ఆలోగా రెండు కిలోమీటర్లు దాటేసి ఉంటుంది. మోత వినపడ్డ చోట వెతికితే దొరికేది ఖాళీ ఆకాశమే. చూపు మోతకన్నా ముందుండాలి.

అమెరికా నేవీ వారి ఆరు విమానాల విన్యాస బృందం బ్లూ ఏంజెల్స్ ఈ సూత్రం పట్టుకునే జనాన్ని ఆటపట్టిస్తారు. నాలుగు విమానాలు ఒకదాని రెక్క ఒకదానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా ఎగురుతూ కళ్ళన్నిటినీ కట్టేసుకుంటాయి. అదను చూసుకుని అయిదోది నేలబారుగా, గంటకు 1100 కిలోమీటర్ల వేగంతో మరో దిక్కునుంచి వచ్చి పడుతుంది. మోత దాని తోక పట్టుకుని వస్తుంది. పక్కవాళ్ళ చేతిలో కూల్‌డ్రింకు ఒలికాక గానీ ఏం జరిగిందో తెలియదు. గాలిలో తేమ బాగా ఉన్న రోజైతే రెక్కల చుట్టూ తెల్లటి ఆవిరి గొడుగు ఒక్క క్షణం విచ్చుకుని మాయమవుతుంది. రెక్క మీద ఒత్తిడి పడిపోయి గాలి చల్లబడడమే దాని రహస్యం.

డేటన్‌లో పాతకాపులు ఇట్టే తెలిసిపోతారు. ఎండ వీపున పడేలా మడతకుర్చీ వేసుకుంటారు. మధ్యాహ్నానికి, చూడ్డానికి నిలిపి ఉంచిన సి-17 సరుకు విమానం రెక్క కింద నీడలోకి చేరతారు. చెవుల్లో బిరడాలు, పక్కన పైలట్ల మాటలు వినిపించే చిన్న రేడియో. ఫోనుతో వీడియో తీసేవాళ్ళు వాళ్ళలో తక్కువ. అరచేతంత తెరలో జెట్‌ని బంధించబోతే తెరా దక్కదు, జెట్టూ దక్కదు.

ఈ ఊరికి చూడడం కొత్త కాదు. డేటన్ రైట్ సోదరుల సొంతూరు. 1904 సెప్టెంబరు 20న ఊరి బయట హఫ్‌మన్ ప్రెయిరీ అనే పశువుల మేత బీడులో వాళ్ళ విమానం మొదటిసారి పూర్తి వలయం తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. మెడైనా నుంచి తన కారులో వచ్చి దాన్ని కళ్ళారా చూసినవాడు ఏమోస్ రూట్. పత్రికా విలేకరి కాదు, శాస్త్రవేత్తా కాదు, తేనెటీగల వ్యాపారి. చూసినదాన్ని 1905 జనవరిలో తన తేనెటీగల పత్రికలో రాశాడు. ఎగిరే యంత్రాన్ని కళ్ళతో చూసి ప్రపంచానికి చెప్పిన తొలి కథనం అలా తేనెపట్ల కబుర్ల మధ్య అచ్చయింది. నాకు ఇందులో వింతేమీ కనపడదు. తేనెటీగలు పెంచేవాడి కన్ను గూటినుంచి ఎగిరేవాటితో ఆగదు, గూటికి తిరిగొచ్చేవాటి మీదా ఉంటుంది. రూట్ చూసింది సరిగ్గా ఆ తిరిగి రావడాన్నే.

తిరిగి రావడం గురించి మా ఇంట్లో మరొకరికీ తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ సగం ఖాళీ అయింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా కొన్నేళ్ళు గుంటూరుకు తరలిపోయింది. అప్పటికి మా అమ్మమ్మకు పన్నెండేళ్ళు. నేవీ డే రిహార్సళ్ళలో ఇంటి మీదుగా మోత రాగానే మేం డాబా ఎక్కేవాళ్ళం, ఆవిడ దేవుడి గదిలోకి వెళ్ళేది. ఎంత పిలిచినా బీచికి వచ్చేది కాదు. మేం తిరిగొచ్చేసరికి గుమ్మంలో నిలబడి, తలలు లెక్కపెట్టి, "అందరూ వచ్చీసేరా?" అని అడిగేది. నవ్వుకునేవాళ్ళం.

డేటన్‌లో ఒక్కోసారి, దాడి విమానం దూసుకెళ్ళాక రన్‌వే అవతల పెట్రోలు మంటల గోడ లేస్తుంది. వేడి మొహానికి కొడుతుంది. జనం ఈలలు వేస్తారు. నేనూ వేశాను, అబద్ధమాడను. అక్కడికి అరగంట దూరంలో వైమానిక దళ మ్యూజియం ఉంది. నాగసాకి మీద బాంబు వేసిన బి-29, బాక్స్‌కార్, నిగనిగలాడుతూ అక్కడ నిలబడి ఉంది. దాని ముందు మాత్రం ఈల రాదు. అమ్మమ్మ ఎందుకు డాబా ఎక్కేది కాదో అక్కడ నిలబడ్డాక ఎవరూ చెప్పక్కర్లేదు.

పైన కూచున్నవాళ్ళ ప్రాణాలకూ పూచీ లేదు. 2010 మార్చి 3న హైదరాబాద్ బేగంపేటలో ప్రదర్శన జరుగుతుండగా నేవీ సాగర్ పవన్ బృందం విమానం ఒకటి ఇళ్ళ మధ్య కూలి ఇద్దరు పైలట్లు పోయారు. ఇదే డేటన్‌లో 2017లో, ప్రదర్శనకు ముందురోజు, అమెరికా వైమానిక దళ విన్యాస బృందం థండర్‌బర్డ్స్ ఎఫ్-16 ఒకటి తడి రన్‌వే మీద జారి బోల్తాపడింది. లోపలున్న ఇద్దరూ బతికి బయటపడ్డారు.

ఆఖరి విన్యాసం అయీ అవగానే పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని సగం మంది లేచి పరుగెడతారు. పాతకాపులు కదలరు. మామయ్య నేర్పని పాఠం నేను వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. బ్లూ ఏంజెల్స్ వచ్చిన ఏడాది మా అబ్బాయి "పద నాన్నా, ట్రాఫిక్" అని చెయ్యి లాగుతుంటే కూచోబెట్టాను. ఒకటి దిగింది. రెండు, మూడు. చక్రాలు నేలను తాకినప్పుడల్లా చిన్న పొగ తెర. ముందు కుర్చీలో ముసలాయన పెదవులు కదులుతున్నాయి. నావీ కదులుతున్నాయని వాడు చెబితే తెలిసింది.

"ఏం లెక్కపెడుతున్నావు నాన్నా?"

ఆరోది దిగేదాకా జవాబు చెప్పలేదు. దిగాక నా నోటంట ఇంగ్లీషూ రాలేదు, నా తెలుగూ రాలేదు. వచ్చింది అమ్మమ్మ యాస.

"అందరూ వచ్చీసేర్రా."