ఊరి కథలో వాడ ఎక్కడ?

ఊరి పేరే పుస్తకం పేరైన కథాసంపుటాలు తెలుగులో చాలానే ఉన్నాయి. కాని ఊరు అన్న మాట పైకి కనిపించినంత అమాయకమైనది కాదు. ఎవరి ఇల్లు నడుమ ఉంది, ఎవరి ఇల్లు అంచున ఉంది అన్న లెక్క ఆ మాటలోనే ఉంది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న చిన్న వాడలో బతికేవాడికి ఆ లెక్క ఒకరు చెప్పనక్కరలేదు. పనికి ఎంత దూరం, మంచినీళ్ళకు ఎంత దూరం, శ్మశానానికి ఎంత దూరం - అతని జీవితానికి ఇవే కొలతలు. ఈ దూరాన్ని మన కథ ఎలా చూసింది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచుకున్నది ఇంతే. అందుకు అమరావతిని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' 1975-77 మధ్య ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. మొత్తం నూరు కథలు. 1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తరవాత శ్యామ్ బెనెగల్ వాటిని దూరదర్శన్ ధారావాహికగా తీశారు. గుడి, రేవు, కృష్ణ ఒడ్డు, నాలుగు వీధులు - ఇంత చిన్న చోటులో ఇంతమంది మనుషులను నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. గతవైభవ విలాపమని ఈ కథలను ఒక్కమాటతో కొట్టిపారేయడం సులభం. నేను ఆ పని చేయను. కొట్టిపారేయడం విమర్శ కాదు.

'వరద' కథ చూడండి. కృష్ణ పొంగి ఊరిని ముంచెత్తింది. అందరూ ఒకేచోట తలదాచుకున్నారు. ఆకలికి తాళలేని పెద్దకులస్థుడు సంగడి చేతి అన్నం అడిగి తింటాడు. వరద తీసింది, మనుషులు మళ్ళీ ఎప్పటి మనుషులే అయ్యారు. ప్రకృతి ఒక్కపూట చెరిపిన గీతను సమాజం మర్నాడే మళ్ళీ గీసుకుంటుందని రచయితకు తెలుసు. ఆ ఎరుక ఈ కథ బలం. అయితే ఆ గీత మనిషి మనసులోనే ఉందని కథ నమ్ముతుంది. నా పేచీ అక్కడే. గీత మనసులో ఉండవచ్చు, కాని ముందుగా అది నేలమీద ఉంది. సంగడి గుడిసె ఎంత పల్లంలో ఉంది? నీళ్ళు ముందుగా ఎవరి గడప తొక్కాయి? వరద తీశాక కూలిన గోడ లేపడానికి ఎవరికి ఎన్నాళ్ళు పట్టింది? కథకు ఇవి ముఖ్యం కాలేదు. అందుకే సంగడు మనకు మంచివాడుగా గుర్తుంటాడు గాని, ఒక వాడకు చెందినవాడుగా గుర్తుండడు.

అంతకు అరవై ఏళ్ళ నాడు కాకున్నా, యాభై ఏళ్ళకు పైబడి ముందే, ఆ పక్కనే సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు వాడ పేరే పెట్టారు. 'మాలపల్లి' 1922 నాటి రచన. ఇందులోనూ ఒక సంగడున్నాడు - రామదాసు కొడుకు సంగదాసు. ఇతను అన్నం పెట్టి ఊరుకోడు, కూలి సంగతి మాట్లాడతాడు. కూలి గింజల్లో ఇవ్వాలా, డబ్బుల్లో ఇవ్వాలా అన్నది ఆ నవలలో చావుబతుకుల సమస్య. భూస్వామి చౌదరయ్య చేతిలో సంగదాసు చనిపోతాడు. మద్రాసు ప్రభుత్వం ఆ నవలను నిషేధించింది. వాడను జాలికి వస్తువుగా చూపితే ఏ ప్రభుత్వమూ ఉలిక్కిపడదు. వాడ తన శ్రమకు వెల అడిగినప్పుడే ఉలిక్కిపడుతుంది.

ఉన్నవ వాడ బయటినుంచి వచ్చిన మనిషి. ఆయన చూపులో సంస్కర్త ఆదర్శం ఉంది, ఆ ఆదర్శానికి ఉండే పరిమితీ ఉంది. గుంటూరు జిల్లా వేజండ్లలో పుట్టిన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' రాసేసరికి చూపు వాడ లోపలికి వచ్చింది. నీళ్ళు తోడుకోనివ్వని బావిలో ఒక దళిత స్త్రీ పశువు కళేబరాన్ని పడవేస్తుంది. మనసు మాలిన్యం గురించి ఆమె ఉపన్యాసం చెప్పదు. వాడకూ నీళ్ళకూ మధ్య దూరాన్ని ఊరందరి సమస్యగా మార్చేస్తుంది. సంగడి నుంచి ఈమె దాకా ఉన్న తేడా శిల్పంలో తేడా కాదు, దృక్పథంలో తేడా.

అమరావతి చరిత్రలో వాడకు చోటు లేదనుకోవడం పొరపాటు. అక్కడి స్తూపంమీది శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరుంది. పూర్ణఘటం చెక్కిన రాతిపలకను అతను దానం చేశాడు. పద్దెనిమిదో శతాబ్ది చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్టణం కట్టించేటప్పుడు ఆ దిబ్బను రాయికోసం తవ్వారు. 1797లో మెకంజీ వచ్చి చూశాడు. తరవాత పలకలు కొన్ని మద్రాసుకు, కొన్ని లండనుకు పోయాయి. ఒక పట్టణం లేవడానికి అంతకుముందటి మనుషుల గుర్తులను తవ్వుకోవడం ఈ నేలకు కొత్త కాదు.

ఇప్పుడు ఆ పేరే కదిలింది. 2015లో శంకుస్థాపన జరిగిన రాజధాని అమరావతి తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి వైపున ఉంది. 2022లో జిల్లాలు విడగొట్టాక పాత అమరావతి పల్నాడులోనూ, తుళ్ళూరు గుంటూరు జిల్లాలోనూ ఉన్నాయి. సత్యం శంకరమంచి ఊరు తన పేరు మోస్తున్న నగరానికి పొరుగున చిన్న పేటగా మిగిలింది.

ఆ నగరం కోసం రైతులు 30 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు, బదులుగా స్థలాలు వస్తాయన్నారు. భూమి లేని కూలీకి నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. అంటే మెట్ట ఉన్నవాడికీ మాగాణి ఉన్నవాడికీ నగరంలో చిరునామా, చేతులు మాత్రమే ఉన్నవాడికి నెలసరి భత్యం. 2023 మేలో అదే నేలమీద పేదలకు సెంటు చొప్పున పట్టాలిచ్చారు. రాజధానికని ఇచ్చిన భూమిని వేరే పనికి వాడరాదని రైతులు కోర్టుకు వెళ్ళారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ళ నిర్మాణాన్ని ఆపింది. రైతు వాదనలో న్యాయం ఉంది. ప్రభుత్వాల ఎత్తుగడలు ఎవరికీ తెలియనివి కావు. కాని ఈ ఇద్దరి మధ్య, సెంటు పట్టా చేత పట్టుకొని నిలబడ్డ మనిషి ఎవరి కథలో పాత్ర?

రచయితలను నేను అడిగేది ఇదే. ఆ మనిషిమీద జాలికథ రాయవద్దు. సెంటు స్థలంలో పొయ్యి ఎక్కడ పెడతారో, మంచం ఎక్కడ వేస్తారో, పనికి పోయే బస్సు ఎంత దూరాన ఆగుతుందో తెలుసుకొని రాయండి. దూరాన్ని అడుగులతో కొలవగలిగిన కథే వాడ కథ అవుతుంది.